అడగకుండా తిరిగి వచ్చినవాళ్ళు

ఈ నెల మొదట్లో మా చెల్లెలి కోడలు ఫోన్ చేసి, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారిగారింటికి వెళ్ళొచ్చానని సంబరంగా చెబుతుంటే, నడవలేని పిల్లలను అమలాపురం తీసుకొచ్చి వ్యాయామాలు చేయించే వాళ్ళ సంస్థ వ్యానుకు చందా దొరికిందేమోనని నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా అడిగితే, "వేడి వేడి గారెలు పెట్టేరండి పెద్దత్తయ్యగారూ. అంత మర్యాద చేసేక చందా మాట ఎలా ఎత్తమంటారండి?" అంది. ఊరికే చూసిపోదామని వచ్చామని చెప్పి లేచొచ్చేసిందట! నాకు ఒళ్ళు మండిపోయింది.

చందాలు అడగడం కొత్తవాళ్ళకు నేర్పమని ఆ సంస్థవారు నన్ను పిలిచినప్పటినుంచీ ఇదే గోల. చదువుకున్న పిల్లలు, ఫోన్లో ఫొటోలు చూపించి చక్కగా మాట్లాడగలరు, కాని కాఫీ గ్లాసు చేతికి రాగానే నోరు పెగలదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో మా మేనత్త నన్ను వెంటబెట్టుకుని రాజోలు, కొత్తపేట వైపు ఊళ్ళన్నీ తిప్పేది. ఎవరింట్లోనైనా సరే, కూర్చోకముందే, "అడగడానికొచ్చేనండి. ముందు నా మాట వినండి, తరవాతే మంచినీళ్ళు" అనేది. నాకు తల కొట్టేసినట్టుండేది. కాని ఆ రోజులు మన వయసువాళ్ళకు తెలియనివా, ఇచ్చినవాళ్ళూ ఇవ్వనివాళ్ళూ కూడా భోజనం పెట్టే పంపేవారు, మా మేనత్త వంకాయకూర మారు అడిగి మరీ వేయించుకునేది.

ఇదంతా మా కోడలిపిల్లకు ఎన్నిసార్లు చెప్పానో! ఆయ్, అలాగేనండి అంటుంది, మళ్ళీ వెళ్తుంది, ఈసారి పూతరేకులు తినొస్తుంది. చివరికి వ్యాను ఆగిపోయే పరిస్థితి వచ్చి, నేను కేకలేస్తే, మొన్న వెళ్ళి గుమ్మంలోనే అడిగేసింది. పాపం, ఆ వ్యాపారిగారు ఎంతో నొచ్చుకున్నారట. "అయ్యయ్యో, ముందే చెప్పొద్దేంటమ్మా! ఇన్నిసార్లొచ్చేరు, ఒక్కసారీ అడగలేదు. మీకు అవసరం లేదేమోననుకుని, ఈ ఏడాదికి ఇద్దామనుకున్నది వేరేవాళ్ళకి ఇచ్చేసేనండి" అన్నారట. అని ఊరుకోకుండా, బలవంతంగా కూర్చోబెట్టి ఉప్మా కూడా పెట్టారట.

వ్యాను ఆగిపోయింది. మా మేనత్త కాలంలో ఇలాంటి పిల్లలకోసం మేము సిగ్గు విడిచి తిరిగాం, ఇప్పటివాళ్ళకు ఎవరి మనసూ నొప్పించకుండా మర్యాదగా బతకడమే పెద్ద పనైపోయింది. ఎవరిమీద కోప్పడాలో కూడా తెలియడం లేదు. ఇవాళ పొద్దున్న నేను సంస్థకు వెళ్ళేసరికి, ఐనవిల్లి వైపునుంచి ఒక తల్లి ఎదిగిన కూతురిని భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చి, మెట్ల దగ్గర ఆయాసపడుతూ నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. వ్యాను ఎందుకు రాలేదని ఒక్క మాట అడగలేదు.