బదిలీ ఛార్జీలూ మా అత్తా

మదనపల్లె పట్టు పరిశ్రమ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నన్ను తొంభైల చివర్లో కుప్పానికి బదిలీ చేశారు. నేను కోరుకున్న బదిలీ కాదు, ప్రభుత్వమే పంపింది. కాబట్టి ఖర్చులు తిరిగి వస్తాయి. ఈ తేడా తెలియక నష్టపోయినవాళ్ళు ఆఫీసుకొకరు ఉంటారు. మీకూ బదిలీ అయితే లారీ రసీదు అడిగి తీసుకోండి, బస్సు టికెట్లు పారేయకండి. ఇలాంటి బిల్లులు రాసీ రాసీ అరిగిన చేయి నాది.

శనివారం తెల్లవారుజామునే సామానుతో మా ఆయన లారీలో వెళ్ళిపోయారు. రెండేళ్ళ పాపతో నేను ఏడు గంటల బస్సెక్కాను. పక్కన, మండీలో టమోటాలు దించి తిరిగిపోతున్న సోమల రైతు. "కుప్పమా? నీళ్ళెట్లుండాయో సూసుకోమ్మా, బిడ్డ ఉండాది" అన్నాడు.

నీళ్ళ సంగతి సరే. సోమవారం నేను డ్యూటీలో చేరితే పాపనెవరు చూస్తారు? ముక్కూ మొహం తెలియని మనిషికి బిడ్డనప్పగించి ఆఫీసులో కూర్చోవడం నావల్ల కాదు. అందుకే పుంగనూరులో దిగాను, మా అత్తను వెంటబెట్టుకుని పోదామని.

ఆమె వాకిట్లో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పని ఉంది, రానంది.

"ఛార్జీ గవర్నమెంటే ఇస్తాది అత్తా. ఆధారపడినవాళ్ళ లెక్కలో నిన్నూ రాస్తా" అన్నాను ధీమాగా.

సుత్తి చేతిలోనే ఆగింది. "నేనెవురి మింద ఆధారపడితినమ్మా? నాలుగు సింతసెట్లు పెట్టుకోని నా కూడు నేను తింటాండా. అట్ల రాసుకోని నన్ను పిలుసుకోని పోతావా?"

అయ్యో, నా నోరు పడ! పాపను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేశాను. "నువ్వు రాకుంటే నా ఉద్యోగం జరగదత్తా. నీ చేతిలో బిడ్డను పెడితేనే నాకు ధైర్యం. రా అత్తా."

"ఈ మాట ముందే అనింటే రానా?" అంటూ లేచింది. చింతపండు బుట్ట పక్కింట్లో పెట్టి, చీర మార్చుకుని వచ్చింది.

పలమనేరులో బస్సు మారాలి. స్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ఒంటిగంటకు కుప్పం బస్సెక్కాము. కండక్టరు రాగానే, నేను పర్సు తీసేలోపే అత్త కొంగుముడి విప్పింది.

"ఇద్దరికీ ఇయ్యప్పా. మా కోడలు గవర్నమెంటు ఉద్యోగమే. అయినా నా మిందనే ఆధారపడుండాది" అంది, బస్సంతా వినబడేలా. వెనక సీటు ఆడవాళ్ళు పక్కున నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

శాంతిపురం దాటేసరికి పాప ఆమె భుజం మీద నిద్రపోయింది. కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత నేనూ హాయిగా ఓ కునుకు తీశాను.

లారీ అద్దె పైసాతో సహా అడిగాను, వచ్చింది. ఆ బస్సు టికెట్లు మాత్రం బిల్లుకు పెట్టలేదు. మా అత్త నన్ను తీసుకొచ్చిన ఛార్జీ గవర్నమెంటు ఎందుకిస్తుంది?