చోళ్ల డబ్బాలో డిస్కు

ఆ రోజు ఆఫీసులో అందరూ రికార్డింగు చూసే అమ్మాయి వైపు చూస్తుంటే నేను నిజం చెప్పలేదు. చెప్పాల్సింది ఒక్క మాటే. తప్పు నాదని.

అనంతగిరిలో మాది చిన్న సంస్థ. కొండ ఊళ్ల పాటలు రికార్డు చేసి దాస్తాం. ఆఫీసు కంప్యూటర్లో లినక్స్ పెట్టింది నేనే. రోజూ సాయంత్రం పాటలన్నీ పక్కనున్న డిస్కులోకి కాపీ అయ్యేలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టిందీ నేనే. పెట్టి ఊరుకున్నానా? "ఒక్క కాపీ చాలదు, రెండుండాలి. ఉరిమితే వైర్లన్నీ పీకెయ్యాలి" అని అందరికీ క్లాసు పీకాను.

రికార్డింగు చూసే అమ్మాయిది పక్క గూడెం. నా మాట అక్షరాలా పాటించింది. మొదటి ఉరుముకే డిస్కు పీకి, చెమ్మ తగలకుండా చోళ్ల డబ్బాలో, ఆ రాగుల మధ్య పాతిపెట్టింది. వానాకాలంలో ఈ కొండల మీద ఉరమని రోజేది? డిస్కు డబ్బాలోనే ఉండిపోయింది.

డిస్కు కనబడక సాఫ్ట్‌వేర్ రోజూ తెర మీద ఎర్రటి హెచ్చరిక చూపేది, సరిగ్గా నేను టీ తాగుతూ క్రికెట్ చూసే వేళకి. డిస్కు ఏమైందా అని లేచి చూస్తే కదా! విసుగెత్తి, డిస్కు ఉందో లేదో చూడక్కర్లేదని సెట్టింగు మార్చేశాను. లినక్స్ యజమానికి ఎదురు చెప్పదు. డిస్కు పేరుతో కంప్యూటర్లోనే ఉన్న ఖాళీ ఫోల్డర్లోకి రోజూ కాపీ చేసి, ‘పూర్తయింది’ అని పచ్చటి టిక్కు పెట్టేది. పాటా, దాని కాపీ ఒకే పెట్టెలో! ఒకనాడు ఆ పెట్టే చచ్చింది.

పాత పాటలు డబ్బాలోని డిస్కులో భద్రంగానే ఉన్నాయి. పోయినవి ఆ వానాకాలంలో ఆ అమ్మాయి అవ్వ పాడిన నాట్ల పాటలు.

"డిస్కు ఎవరు పీకారు?" అన్నాను అందరి ముందూ.

"నేనే సార్. ఉరిమింది కదా."

"ఇంకేం, పాటలు పోవూ మరి!"

ఆ తర్వాత ఆకాశం కాస్త గొణిగినా తను నాకు ఫోన్ చేసేది.

"సార్, ఉరుముతంది. పీకమంతారా, పిడుగుని ఆగమంతారా?"

ఆఫీసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, దొంగలా.

మళ్లీ రికార్డు చేయడానికి ఆఫీసు మొత్తం గూడేనికి వెళ్లాం.

"ఏటి బాబూ, నా పాటలు మీ పెట్టి తినేసిందట? దానికి కూడెట్టరేటి?" అంది అవ్వ.

పాడింది. ఊపిరి మునుపట్లా లేదు. ఒక పాట సగంలో ఆగిపోయింది. "తరవాత ఏటో ఉండాలి... గేపకం రాటంనేదు" అని మనవరాలి వైపు చూసింది. ఆ అమ్మాయి తల దించుకుంది. పాటని పోగొట్టింది తనేనని ఇంకా నమ్ముతోంది.

ఇక ఉండలేకపోయాను. ఎర్ర హెచ్చరిక దగ్గర్నుంచి క్రికెట్ దాకా అంతా ఆ అమ్మాయికి మెల్లగా చెప్పాను. తను రికార్డర్ నా ముందుకు జరిపింది.

"ఒక్క కాపీ సాలదని మీరే కదా సెప్పారు సార్. మళ్లీ సెప్పండి. బేగి, మబ్బేస్తంది."

ఈసారి రికార్డర్లో పడేలా, అవ్వకీ, అందరికీ వినబడేలా చెప్పాను.

"పాటలు పోగొట్టింది నేను. ఈ అమ్మాయి కాదు. తెలిసీ నింద తన మీద వేశాను. క్షమించమ్మా."