బ్రేకు మీద కాలు

మా చిన్న మామయ్యకి చక్రాలున్న వస్తువు దేన్నీ నమ్మబుద్ధి కాదు. నిలబడి ఉంటే దానికి అడ్డు పెట్టాలి, కదిలితే పక్కన మనిషి నడవాలి. నోరు తెరిస్తే ముందు ఊడిపడే మాట "ఆగండి". మా ఫ్లయింగ్ స్కూల్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆగండిగారే. చిన్న విమానాలు కడగడం, షెడ్డులోంచి బయటికి లాగడం, మళ్ళీ లోపల పెట్టడం ఆయన పని. నేను అదే షెడ్డులో మెకానిక్‌ని.

ఇంట్లోనూ ఇదే వరస. గ్యాస్ సిలిండరు కింద ఉన్న చక్రాల పీటకి చెక్కముక్కలు, టీవీ బల్లకి చెక్కముక్కలు. ఒకసారి అత్తయ్య వాళ్ళమ్మని చక్రాల కుర్చీలో ఆస్పత్రి వరండా దాటిస్తుంటే, మామయ్య చేతులు బార్లా చాపి పక్కనే నడిచాడు.

"ఎందుకండీ ఆ చేతులు?" అంది అత్తయ్య.

"రెక్కలు గోడకి తగలకుండా ఎవరో ఒకరు చూడాలి కదా."

"మా అమ్మకి రెక్కలెక్కడివి?"

"అలవాటు," అన్నాడు, చేతులు దించకుండానే.

నేను చేరిన కొత్తలో విమానం ముందు అద్దం మీద మరక కనిపిస్తే జేబురుమాలు తీశాను.

"ఆగు. అది గాజు కాదురా, ప్లాస్టిక్కు. పొడిగుడ్డతో తుడిస్తే దుమ్మే గీరేస్తుంది. ముందు నీళ్ళు పొయ్యి, తర్వాత అరచేత్తో రుద్దు, ఆ తర్వాత మెత్తటి గుడ్డ. ఉంగరం తియ్యి."

"పెళ్ళి ఉంగరం మామయ్యా, రాదు."

సబ్బునీళ్ళు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. వచ్చింది. సాయంత్రం బోసివేలితో ఇంటికెళ్ళి పడ్డ మాటలు వేరే కథ.

ఆ ఏడాది వానలు ఒక పట్టాన వదల్లేదు. షెడ్డు రేకుల మీద చప్పుడు, కింద బురద, ఎగరని విమానాలు. మా స్కూల్లో ఎందరికో ఎగరడం నేర్పిన ముసలి కెప్టెన్‌గారికి కళ్ళు మసకబారి లైసెన్సు పోయింది. అంతకు కొన్నాళ్ళ ముందే భార్య పోయింది. ఆయన తలుపు వేసుకుని కూర్చున్నారు. వంట మనిషి పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగి వస్తోందని విన్నాం.

మర్నాడే మామయ్య కొత్త నియమం తెచ్చాడు. సీట్లో మనిషి కూర్చుని బ్రేకు మీద కాలుంచితే తప్ప ఏ విమానమూ షెడ్డు గడప దాటడానికి లేదు. ఆ మనిషి కెప్టెన్‌గారే కావాలి.

"ఇన్నాళ్ళూ చేత్తోనే తోశాం కదయ్యా," అన్నాడు మేనేజరు.

"ఇన్నాళ్ళూ మన అదృష్టం బాగుంది. నేల తడిగా ఉందండీ, జారితే రెక్క పోతుంది."

నన్ను వెంటబెట్టుకుని కెప్టెన్‌గారింటికి వెళ్ళాడు. పట్టపగలే గదంతా చీకటి, తెరలు వేసి ఉన్నాయి. ముక్కిపోయిన వాసన. బల్ల మీద చల్లారిన టీ.

"నాకు కళ్ళు లేవయ్యా," అన్నారాయన గోడకేసి చూస్తూ.

"బ్రేకు కాళ్ళతో కదండీ వేసేది."

కెప్టెన్‌గారు చెప్పులకోసం కాలితో నేల తడిమారు.

అప్పట్నుంచి రోజూ ఆయన్ని తీసుకురావడం, సీట్లో కూర్చోబెట్టడం, విమానాన్ని బయటికి లాగడం. రెక్కల చివర తడుస్తూ మేము. నాకు ఒళ్ళు మండేది.

"నిన్ననే కడిగాం కదా మామయ్యా?"

"దుమ్ము పడింది."

"ఈ వానలోనా?"

"తడి దుమ్ము," అన్నాడు.

కెప్టెన్‌గారు కిటికీలోంచి విసుక్కునేవారు, ఎవడు ఎలా లాగుతున్నాడో చప్పుడుబట్టి తిట్టేవారు. తిట్టీ తిట్టీ ఆకలేసి మా డబ్బాల్లోంచి తినేవారు.

ఒకరోజు బాగుచెయ్యడానికి, మేం రోజూ లాగే విమానం బ్రేకుల్లో నూనె మొత్తం తీసేశాను. మామయ్య దగ్గరికెళ్ళి చెప్పాను. "ఇవాళ దీనికి బ్రేకు లేదు. కెప్టెన్‌గారితో పని లేదు."

మామయ్య చుట్టూ చూసి, నన్ను మూలకి లాగాడు. "ఆయనతో అనకు. నువ్వో చెక్క పట్టుకుని ఈ చక్రం పక్కన నడు, నేను ఆ చక్రం పక్కన నడుస్తా."

కదలని టీవీ బల్లని కూడా నమ్మని మనిషి ఇలా అన్నాడు. తడి దుమ్ము సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

కెప్టెన్‌గారు ఎక్కారు. చక్రాల పక్కన వంగి నడిచి నడిచి మా నడుములు పడిపోయాయి. విమానం కడిగే చోట నిలిచాక, చెక్కలు పెట్టి, మామయ్య బక్కెట్ల కోసం వెళ్ళాడు. కెప్టెన్‌గారు కిటికీలోంచి నన్ను పిలిచారు.

"పెడలు నేలకంటా పోతోంది. దీనికి బ్రేకు లేదు కదూ?"

నేను వంగి చక్రం కింద చెక్కని సర్దాను.

"మీ మామయ్యకి చెప్పకు," అన్నారాయన గొంతు తగ్గించి. "పాపం, నేను రాకపోతే ఆయనకి చెయ్యి ఆడదు."