వసంతమ్మ ఎంచుకున్న గురువు

వసంతమ్మకు ఒక నిర్ణయం తీసుకోవాలంటే ఇల్లంతా పదిసార్లు తిరగాలి. పాకాల రైల్వే క్వార్టర్లలో ఉన్నవి రెండే గదులు కాబట్టి ఆ తిరుగుడు అందరి కళ్లా పడేది. భర్త గంగాధరం స్టేషన్లో గూడ్సు గుమాస్తా. ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ల జ్ఞానాంబ. ఎక్కడ మేళం వినబడినా కాలు నిలవని పిల్ల. దాన్ని ఆటకు, అంటే నాట్యానికి, పెట్టాలని తల్లి పట్టు.

అది గుళ్లలో దేవదాసీలు ఆడకూడదని చట్టం వచ్చిన మరుసటి ఏడు, అంటే పందొమ్మిదివందల నలభై ఎనిమిది. అప్పుడప్పుడే గౌరవస్తుల పిల్లలు ఆట నేర్చుకోవడం మొదలైంది.

"నేర్పిస్తే తిరుపతిలో నేర్పించు. ఆడికి వకీళ్ల పిల్లలు గూడా వస్తా ఉండారంట" అన్నాడు గంగాధరం.

తిరుపతిలో గోవిందస్వామి తరగతికి ముప్పైమంది పిల్లలు. మూడు నెలల్లో వేదిక ఎక్కిస్తానని ఆయన మాట. అక్కడ చేరిన నెలన్నరకే జ్ఞానాంబ రెండు పాటలు ఆడేసింది. తల్లి మురిసిపోయింది. ఒక ఆదివారం తలంటు పోస్తూ చూస్తే పిల్ల మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి.

"ఎప్పట్నించే ఇది?"

"చెప్తే మానిపిస్తావని చెప్పలేదుమా."

గోవిందస్వామిని అడిగితే, "తొలినాళ్లలో అంతేనమ్మా, అదే పోతాది" అన్నాడు. వసంతమ్మకు అన్నం సయించలేదు. మానిపిస్తే పిల్ల ఏడుస్తుంది, పంపితే కాళ్లు పోతాయి. పాలుపోసే తిరుమలమ్మ ఆ అవస్థ చూసి, "చిత్తూరులో దేవకమ్మ ఉండాది. ఆటంటే ఆమెదే. కానీ ఆమె కాడికి మీరు పోరులేమ్మా" అంది. దేవకమ్మ ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా గుడిలో ఆడిన దేవదాసీలు. అందుకే ఆ మాట.

మరునాడే భర్తకు చెప్పకుండా వసంతమ్మ పిల్లతో చిత్తూరు బండెక్కింది.

దేవకమ్మకు అరవై దాటి ఉంటాయి. తిన్నె మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వచ్చిన పని విని చేతులు కడుక్కుని, పిల్లను మోకాళ్లు వంచి నిలబడమంది.

"పాదాలు ఒకపక్క, మోకాళ్లు ఇంకోపక్క పోతా ఉండాయి సూడు. నిలబడే తీరు రాకముందే పాట నేర్పించినారు. వాపు తగ్గేదాకా అడుగు వెయ్యనియ్యను. ఆపైన ఏడాది పాట లేదు, గజ్జె లేదు."

"ఏడాదా!"

"ఎక్కువైతే తిరుపతికే పో తల్లీ. ఇంకో మాట. నా కాడ నేర్చుకుందంటే రేపు సంబంధాలప్పుడు నా పేరు ఎత్తుతారు. మీ ఆయనకు చెప్పే వచ్చినావా?"

వసంతమ్మ గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "చెప్తే వద్దంటాడమ్మా."

"అయితే చెప్పి, ఒప్పించుకోనే రా. దొంగచాటుగా నేర్పించను."

ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. గంగాధరం మూడురోజులు అన్నం స్టేషనుకే తెప్పించుకున్నాడు. సంగతి ఎలా పాకిందో, పక్కింటి నిర్మలమ్మ పేరంటానికి వసంతమ్మను పిలవలేదు. నాలుగోరోజు వసంతమ్మ పిల్లను తెచ్చి భర్త ఎదుట నిలబెట్టింది.

"ఊరి సంగతి తర్వాత. ముందు ఈ మోకాళ్లు చూడండి."

ఆయన వంగి వాపు మీద వేలు నొక్కి చూశాడు. "శనివారం నేనే తీసకపోతా. నచ్చకుంటే అంతటితో సరి."

ఆ శనివారం వసంతమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యం వేయడం మరిచింది. సాయంత్రం బండి కూత వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషనుకు పరుగెత్తింది. తండ్రీ కూతురూ దిగారు. గంగాధరం ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏమన్నారు?"

"ఆయమ్మ నన్ను గూడా కూసోబెట్టి తాళం వెయ్యమనింది. మూడుసార్లు తప్పినాను."

"కసిరిందా?"

"నన్ను కసిరింది. పాపను ఒక్క మాట అనలేదు. కాళ్లకు కాపడం పెట్టి, చేతిపని నేర్పినట్టు ఓపిగ్గా నిలబడేది నేర్పించింది." సంచిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "వచ్చే శనివారం పొద్దున బండికే రమ్మనింది, పోతాం."

గజ్జె కట్టడానికి ఏడాది కాదు, ఏడాదిన్నర పట్టింది. దేవకమ్మ ఇంట్లో, పదిమంది ఎదుట జ్ఞానాంబ తొలిసారి ఆడింది. నిర్మలమ్మ రాలేదు, తిరుమలమ్మ వచ్చింది. పిల్ల ఎక్కడా తడబడలేదు. ఇంటికి వచ్చే దారిలో గంగాధరం రైలు పెట్టె చెక్కమీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నాడు. పక్కనే వసంతమ్మ, ఈ పిల్లకు సంబంధాలు చూసే రోజు ఎలా ఉంటుందోనని చీరచెంగు మెలిపెడుతూ కూర్చుంది.