గంట వెంట

పుట్టుకతోనే చూపులేని నేను అనంతపురం హాస్టల్లో పెరిగాను. అక్కడ గంట కొడితేనే లేవాలి, గంట కొడితేనే తినాలి. చదువు ముగిసి, మడకశిర దగ్గరి మా ఊరొచ్చిన మర్నాడు తెల్లవారుతుండగా, నిద్రమత్తులో గంట వినిపించింది. పళ్లెం తీసుకుని ఆ చప్పుడు వెంటే నడిచాను. ఎంత నడిచినా చేతికి గోడ తగల్లేదు. కాళ్ల కింద మెత్తటి దుక్కి, చుట్టూ ఒట్టి గాలి. ఆకాశంలోకి వచ్చేశానేమో అనుకున్నాను.

"ఏమ్మా, పళ్లెం పట్టుకొని గొర్ల యెనక యాడికి పోతాండావు?" అన్నాడు గొర్రెల కాపరి తాత.

ఆయనే నవ్వుతూ ఇల్లు చేర్చాడు. అమ్మ నవ్వలేదు. పళ్లెం అందుకుని, "ఈడ గంట ల్యాదమ్మా. ఆకలైనప్పుడు తిను" అంది.

గంట లేకుండా ఆకలి ఎలా తెలుస్తుంది? ఆ పొద్దంతా అరుగు మీద కూర్చుని, అదెప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.