ఇరవై నాలుగు అమావాస్యల మొగుడు

ఒక కోడి ప్రాణం, కోరుట్లలో నా పరువు ఒకే పూటలో ఎలా పోయాయో చెప్తాను. నవ్వుకోండి, నవ్వుకు ఖర్చు లేదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. మా ఆయన రెండేళ్ల ఒప్పందం మీద దుబాయిలో ఉన్నాడు. గడువు నిండిన రోజునే ఇంట్లో ఉంటానని మాటిచ్చి వెళ్లాడు. ఇంట్లో నేనూ, నేను బీడీలు చుట్టే చాటా. మాట్లాడాలంటే గోడతోనే. అది ఎదురు చెప్పదు కాబట్టి ఎప్పుడూ నాదే పైచేయి.

జగిత్యాలలో కంప్యూటర్ చదువుతున్న మా బిడ్డ లావణ్య, కాలేజీ బంద్ కావడంతో ఇంటికొచ్చింది. నా అవస్థ చూసి, వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో ఒక వెబ్ పేజీ తయారుచేసింది. వాళ్ల బాపు వెళ్లిన తారీకు కొడితే ఎంతకాలం గడిచిందో, ఇంకా ఎంతుందో తెర మీద చూపిస్తుంది.

“అమ్మా, బాపు రానీకి ఇంక ఇరవై రెండు రోజులున్నయి.”

“నీ డబ్బా మొహం! ఇరవై నాలుగు అమాసలు లెక్కవెట్టిన. రేపటితోని నిండుతయి.”

“అమాసకు అమాసకు ముప్పై రోజులు నిండయే! విమానం టికెట్టు తారీకు చూసి ఇస్తరు గని చంద్రున్ని చూసి ఇయ్యరు.”

“నెలంటె అమాసనే. మీ అయ్య పుట్టకముందు నుంచి గదే లెక్క. మార్చు!”

“బాపుకు ఫోన్ జేసి అడుగరాదు?”

“రేపు ఎదురుంగ కూసుండేటాయనకు ఇయ్యాల ఫోనెందుకే?”

నా పోరు పడలేక, నెలకు ఇరవై తొమ్మిదిన్నర రోజులని లెక్క మార్చింది. తెర మీద ‘బాపు రేపు వస్తడు’ అని పడింది. కంప్యూటరే దారికొచ్చాక ఇక అడ్డేముంది!

తెల్లారి పెట్టె అడుగున దాచిన సిరిసిల్ల చీర కట్టాను. కోడి కూర వండి, ఆకలితో దిగుతాడని గిన్నెలో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరాను. చూస్తే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి ఉద్యమం వాళ్ల వంటావార్పు.

“ఏమక్కా, కూర మాకేనా?” అన్నాడొకడు.

“మీకు గాదు. మా ఆయన వస్తుండు.”

“బంద్‌ల బస్సెట్లొస్తదక్కా?”

“దుబాయి విమానానికి మీ బంద్ లేదు!”

రోడ్డంతా నవ్వింది. పొద్దు వాలింది. పాడైపోతుందని కూర నేనే వాళ్లకు వడ్డించాను. తిని, జెండాలు చుట్టుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. బస్సు లేని రోడ్డు మీద ఖాళీ గిన్నెతో నేనొక్కతినే ఎంతసేపు నిలబడ్డానో ఏ పేజీలోనూ లేదు.

కాలేజీ తెరిచారని లావణ్యా వెళ్లిపోయింది. సిగ్గుతో నేను మళ్లీ తారీకు ఊసెత్తలేదు, రోజులు లెక్కపెట్టనూ లేదు. బిడ్డ మొదట చెప్పిన రోజునే, మిట్టమధ్యాహ్నం, చల్లారిన పొయ్యి ముందు తంబాకు దుమ్ముతో కూర్చుని ఉంటే, గుమ్మంలో సూట్‌కేసుతో మా ఆయన.

“ఏందే, గిట్లున్నవ్? నాకోసం ఎదురుసూడలేదా?”

“సూసిన. ఎదురుసూసుడు మొన్న అమాసకే అయిపోయింది.”

ఆనాడే ఒట్టేసుకున్నాను. సాక్షాత్తూ చంద్రుడే కిందికి దిగొచ్చి చెప్పినా సరే, విమానం ఎక్కని మొగుడి కోసం కోడిని కోయను గాక కోయను.