సజ్దా చేస్తే పడిపోయాననుకుంది

ఈ సాయంత్రం ఆమదాలవలసలో మా అరుగు మీద కూర్చుని ఖురాన్ పైకి చదువుతుంటే సజ్దా ఆయత్ వచ్చింది. ఆ వాక్యం చదివినవాళ్లూ, విన్నవాళ్లూ అల్లాకు లొంగి నుదురు నేలకు ఆనించాలి. మా ఆవిడ ఉన్నప్పుడు వంటింట్లోంచి విని తనూ సజ్దా చేసేది. ఈ రోజు ఒక్కడినే వంగాను. లేవబుద్ధి కాలేదు.

లాంతరు తుడుస్తున్న పక్కింటి అప్పలనరసమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో, పడిపోనారేటి బాబూ?"

"లేదమ్మా, ఈ వాక్యం దగ్గర ఇలా మొక్కాలి."

"నానూ ఇన్నాను గదా, మొక్కాలేటి?"

"నీకక్కర్లేదమ్మా."

"అయితే సదవండి, ఇంటాను" అని మెట్టు మీద కూర్చుంది.

ఏడాదిగా ఖాళీ ఇంటికి గట్టిగా చదివి వినిపిస్తున్నవాడిని, వినే మనిషి దొరికేసరికి ఎక్కడ ఆపానో తడుముకున్నాను. మీకెప్పుడైనా ఇలా అయిందా?